ఇరవై అయిదో గడి

మా నాయన బావులు కొలవడం మొదలుపెట్టింది మా ఆయన కోసం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన రోజులవి. నాయన అప్పటికే బడి ఉద్యోగం నుంచి దిగిపోయి పులివెందులలో ఇంటిపట్టున ఉంటున్నాడు. మద్రాసు రాష్ట్రంలో పనిలో చేరి, ఆంధ్ర రాష్ట్రంలో హెడ్మాస్టరై, ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పుచ్చుకున్న తరం ఆయనది. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకోని రైతు తక్కువ. అందరికీ ఆయన అయివారే.

మా ఆయనది జమ్మలమడుగు, పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. అన్నదమ్ములందరూ పంచాంగం పట్టుకుంటే ఈయనొక్కరూ లెక్కల్లో పడ్డారు. ఎమ్మెస్సీ చదివి ప్రొద్దుటూరు కాలేజీలో లెక్చరరయ్యారు. నేను బీయెస్సీ చేసి, జమ్మలమడుగు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున బస్సులో జమ్మలమడుగు పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో మా ఇద్దరి మాటలూ సగం లెక్కలే. పెళ్లయిన కొత్తలో మా నాయన, మా ఆయన ఎదురెదురుగా కూర్చుంటే ఇక అన్నానికి పిలిచినా లేచేవాళ్లు కాదు. ఒకరు ఒక చిక్కు లెక్క వేయడం, ఇంకొకరు నేలమీద సుద్దముక్కతో విప్పడం. అమ్మ విసుక్కునేది. నాకు మాత్రం లోపల గర్వంగా ఉండేది.

మా ఆయన డాక్టరేటుకు తీసుకున్న విషయం బావుల్లో నీటిమట్టం. వాన పడ్డాక బావి ఎన్ని నెలలకు కోలుకుంటుంది, ఏ నేలలో ఎట్లా కోలుకుంటుంది, దాన్ని గణితంలో ఎట్లా చెప్పాలి అనేది. దానికి కొలతలు కావాలి. ప్రతి నెలా, ఒకే రోజుల్లో, రెండేళ్లపాటు. కాలేజీ వదిలి ఆయన పోలేరు. ఆ మాట వినగానే నాయన తాను కొలుస్తానన్నాడు. అడుగుకొక ముడి వేసిన తాడు, దాని కొసన ఒక ఇనుప గుండు, ఒక పాత సైకిలు. పులివెందుల చుట్టూ పాతిక, ముప్పై బావులు ఎంచుకున్నాడు. కొన్ని ఊరికి దగ్గర, కొన్ని చక్రాయపేట దారిలో. ఎండాకాలం కూడా తలకు తువ్వాలు చుట్టుకుని తిరిగేవాడు. రైతులు ఆయన తాడు దింపుతుంటే పక్కన నిలబడి చూసేవాళ్లు. ఉద్యోగం దిగిపోయాక నాయన ముఖంలో మళ్లీ ఒక పనిమంతుడి కళ వచ్చింది ఆ రెండేళ్లే.

రెండేళ్ల కొలతలన్నీ కలిపితే చేత్తో లెక్క వేయలేనంత అవుతుందని మొదటి ఏడే తెలిసిపోయింది. మా ఆయన గైడు తిరుపతిలో ఉండేవారు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థకు కంప్యూటరు ఉందని, బయటివాళ్ల పని కూడా తీసుకుంటారని చెప్పి, అక్కడ సెలవుల్లో జరిగే శిక్షణకు ఈయన్ను పంపించారు. ఆ వేసవి ఆయన ఒక్కరే పోయి వచ్చారు. వచ్చేటప్పుడు గడులు గీసిన పెద్ద పెద్ద కాగితాలు తెచ్చారు. వాటి మీద ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున ప్రోగ్రాము రాసి పోస్టులో పంపితే, అక్కడి వాళ్లు ఒక్కో పంక్తికి ఒక్కో కార్డు చొప్పున రంధ్రాలు పొడిచి, యంత్రానికి ఇచ్చి, జవాబు అచ్చు వేసి తిరిగి పోస్టులో పంపేవాళ్లు. పోవడానికి, రావడానికి, అక్కడ వరుసలో మన వంతు రావడానికి కలిపి దాదాపు నెల పట్టేది. ఒక్క కామా తప్పితే ఆ నెల పోయినట్టే.

అందుకని పంపేముందు ఇంట్లోనే ఆడిచూసేవాళ్లం. హాల్లో కడప బండల మీద నేను ఇరవై నాలుగు గడులు గీసేదాన్ని, రెండేళ్లకు నెలకొకటి చొప్పున. ఒక్కో గడిలో ఒక బావికి ఆ నెల నీటిమట్టం, అప్పటికి మేం కల్పించుకున్న అంకెలే. ఆయన కుర్చీలో కూర్చుని ప్రోగ్రాము చదివేవారు, నేను యంత్రాన్ని. వేలు మొదటి గడి మీద పెట్టి మొదలుపెట్టాలి. ప్రతి గడి దగ్గరా ఆయన రెండు మాటలు అడిగేవారు. నెల అంకె ఇరవై నాలుగు లోపలే ఉందా? ఈ గడిలో నీళ్లు ఇంకా, ఎండకు దిగకముందున్న పాత మట్టం కంటే తక్కువేనా? రెండూ అవునైతే తర్వాతి గడికి జరగాలి. ఏ ఒక్కటి కాదన్నా ఆగాలి. రెండో మాట కాదంటే బావి కోలుకుందన్నమాట, అది ఏ నెలో రాసుకోవాలి. మొదటి మాటే కాదంటే గడులన్నీ అయిపోయాయి, బావి కోలుకోలేదని రాసుకోవాలి.

చాలా బావుల్లో మధ్యలోనే వేలు ఆగేది. కోలుకోని బావి వస్తే మాత్రం వేలు ఇరవై నాలుగో గడి దాటేది. ఆయన "ఇరవై అయిదు. లోపలేనా?" అని అడిగేవారు. నేను కాదనేదాన్ని. అంతటితో అయిపోయేది. రెండో మాట ఆయన అడిగేవారు కాదు, నేను చూసేదాన్ని కాదు. చూడ్డానికి అక్కడ గడి ఏముంది, ఉత్త బండ. మనిషన్నవాడు ఎవరైనా అట్లాగే చేస్తాడు. ఆ రెండు మాటలనూ ఆయన ఒకే పంక్తిలో, మధ్యలో 'అండ్' పెట్టి రాశారు. గణితంలో అది నిండైన వాక్యం. రెండింట్లో ఒకటి అబద్ధమైతే మొత్తం అబద్ధం. ఏది ముందు, ఏది వెనక అనే పట్టింపు కూడా లేదు.

మొదటిసారి సొంతంగా కల్పించిన అంకెలతో పంపారు. అందులో కావాలనే ఒక కోలుకోని బావిని కూడా పెట్టారు. జవాబు సరిగ్గా వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆయన ఆ రోజు నన్ను బజారుకు తీసుకుపోయి కారం దోసె తినిపించారు. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి, కారం తినకూడదని అమ్మ చెప్పి ఉంది. అయినా తిన్నాను.

ఆ తర్వాత పాప పుట్టడం, రెండో ఏడు కొలతలు పూర్తి కావడం, అసలు అంకెలన్నీ సిద్ధం చేయడం, ఇట్లా ఏడాది పైనే గడిచింది. ఈలోగా హైదరాబాదు నుంచి ఒక సమాచారం వచ్చింది. పాత యంత్రం తీసేసి ఇంకా పెద్దది, వేగమైనది పెట్టారట. ప్రోగ్రాము రాసే భాష అదే కాబట్టి పాతవి మార్చనక్కర్లేదట. మా ఆయన సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను.

అసలు అంకెలు పోయాయి. వచ్చిన జవాబులో సగం బావులకు ఫలితాలున్నాయి. ఆ తర్వాత ఒక బావి దగ్గర పని ఆగిపోయింది. గడి అంకె హద్దు దాటిందని ఒక పంక్తి ఇంగ్లీషులో అచ్చయి ఉంది. మిగతా కాగితం తెల్లగా ఉంది.

ఆయన ఆ పంక్తి చూసి మొదట నవ్వారు. హద్దు దాటకూడదనే కదా ముందే అడిగింది, ఎట్లా దాటుతుంది అన్నారు. మళ్లీ ప్రోగ్రాము తీసి చదివారు. మళ్లీ బండల మీద గడులు గీశాం. నా వేలు ఎప్పటిలాగే ఇరవై నాలుగు దాటగానే ఆగింది. కార్డులు లెక్కపెట్టమని అక్కడికి రాశారు. కార్డులు సరిగ్గా ఉన్నాయని, ప్రోగ్రాములో భాష తప్పేమీ లేదని, అంకెలు సరిచూసుకోమని వాళ్లు జవాబిచ్చారు. రెండోసారి పంపారు. అదే బావి దగ్గర ఆగింది. స్వయంగా హైదరాబాదు పోదామంటే పరీక్షల కాలం, కాలేజీలో సెలవు దొరకలేదు. నేను చంటిపిల్లతో ఉన్నాను. మూడోసారి పంపేటప్పుడు ఆయన ఆ ఒక్క బావి కార్డులు తీసేయమని రాశారు. ఈసారి యంత్రం ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచింది.

దాంతో ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. అన్ని బావులకూ నడిచిన ప్రోగ్రాము ఒక్కదానికే ఆగితే తప్పు ఆ ఒక్కదానిలోనే ఉండాలి. గైడు కూడా అదే అన్నారట. పక్క బావులన్నీ రెండో వానాకాలానికి కోలుకుంటే ఇదొక్కటి ఎందుకు కోలుకోదు, కొలిచినవాళ్లు ఎక్కడో పొరపడి ఉంటారు అని. ఆ మాటకు అడ్డం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాయన పొరపడడని నాకు తెలుసు. ప్రోగ్రాము తప్పు కాదని కూడా నాకు తెలుసు, నా వేలితోనే నడిపి చూశాను. రెండూ ఎట్లా నిజమవుతాయో తెలియక ఊరుకున్నాను.

ఒక ఆదివారం ముగ్గురం పులివెందుల పోయాం, పాప నా ఒళ్లో. నాయన బస్టాండుకే వచ్చి పాపను ఎత్తుకున్నాడు. ఇంటికి పోయేసరికి యంత్రం ఆగిన ఆ బావి రైతే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అల్లుడు వస్తున్నాడు, మన బావుల సంగతి మిషను ఏం చెప్పిందో విందువుగాని రమ్మని నాయనే పిలిపించాడట. ఆ మనిషిది చీనీ తోట, బత్తాయి చెట్లు. బావి ఇంకా లోతు తవ్వించాలా వద్దా తేల్చుకోవడానికి ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాడు. అట్లా ఇంకొకరు ఉండగా మాట్లాడాల్సి వస్తుందని మా ఆయన అనుకోలేదు. కాఫీలు తాగాక మెల్లగా మొదలుపెట్టారు.

"అన్ని బావులకూ నడిచిన ప్రోగ్రాము ఈయన బావి కాడికొచ్చేసరికి నిలబడిపోతాంది మామా. కొలతల్లో ఏదన్నా పొరపాటు పడిందేమో."

నాయన ఏ నెల కొలత అని అడిగాడు. ఏ నెలదో తెలియదని, యంత్రం అది చెప్పదని మా ఆయన అన్నారు.

"నీళ్లు రాల్యా. రాలేదని రాసినా," అన్నాడు నాయన. "దాంట్లో పొరపాటు యాడుంటాది?"

రైతు అందుకుని, అయివారు తాడు దింపినప్పుడల్లా తాను పక్కనే ఉన్నానని, రెండు వానాకాలాలు పోయినా ఊట ఎక్కలేదని, పోయిన ఏడు కట్టిన కాయంతా రాలిపోయిందని చెప్పాడు. చెప్పడంలో కోపమేమీ లేదు. మా ఆయన ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బందిలో అనకూడని మాట ఒకటి అన్నారు.

"ఎండలో తిరిగి తిరిగి అలిసిపోయింటారు. వయసు గదా. ఒకటి రెండు నెలలు పోకుండానే అందాజుగా రాసినారేమో అని మా గైడు అంటాండారు."

గైడు ఆ మాట అన్నారో, ఈయనే గైడు పేరు పెట్టి అన్నారో నేను ఎప్పుడూ అడగలేదు. నాయన ముఖం చూడలేక నేను పాపను తీసుకుని లోపలికి పోయాను. అరుగు మీద ఇంకేం మాట్లాడుకున్నారో తెలియదు. రైతు వెళ్లిపోయాక నాయన లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం వడ్డించమన్నాడు. అల్లుడికి పెరుగు తనే వేశాడు. ఇంటికి వచ్చిన అల్లుడిని ఆయన ఏమీ అనడు. కానీ ఆ రోజు నుంచి అల్లుడిని 'మీరు' అనడం మొదలుపెట్టాడు. అంతకుముందు 'నువ్వు' అనేవాడు, 'రా నాయనా' అనేవాడు. ఆ తేడా మా ఆయనకు బస్సెక్కేదాకా తెలియలేదు. ముద్దనూరు దాటాక నన్నడిగారు, "మామ నన్ను మీరంటాండాడా ఈ పొద్దు?" అని. నేను అవునన్నాను.

రెండేళ్లు నిండినా ఆపకుండా కొలుస్తున్న నాయన ఆ మరుసటి నెల నుంచి మానేశాడు. రెండేళ్లు ఎప్పుడో పూర్తయ్యాయి కాబట్టి మానేశాడని మేం సర్దిచెప్పుకున్నాం. అమ్మ మాత్రం, పొద్దున్నే లేచి సైకిలు తుడిచి, ఎక్కడికీ పోకుండా మళ్లీ లోపల పెడుతున్నాడని నాతో చెప్పింది.

థీసిస్ పూర్తయింది. అందులో ఆ బావి లేదు. కొలతలు నమ్మదగినవిగా లేనందున ఒక బావిని వదిలేశామని ఒక పంక్తి మాత్రం ఉంది. మిగతా బావులన్నీ కోలుకున్నవే కాబట్టి, ఆ ప్రాంతంలో రెండు వానాకాలాల్లో బావులు కోలుకుంటాయని, భయపడాల్సింది లేదని తేలింది. పరీక్షకులు మెచ్చుకున్నారు. మా ఆయన డాక్టరయ్యారు. కాలేజీలో పూలదండ వేశారు. జమ్మలమడుగులో మా మామగారు ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించారు. నాయనా, అమ్మా వచ్చారు. నాయన అల్లుడికి పంచెలు పెట్టి, భోజనం చేసి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. మునుపైతే అట్లాంటి రోజున ఇద్దరూ లెక్కల్లో పడి రాత్రి దాకా లేచేవాళ్లు కాదు.

ఒక శ్రావణ శనివారం అందరం గండికి పోయాం. ఆంజనేయస్వామి దర్శనమయ్యాక పాపాఘ్ని ఇసుకలో కూర్చుని పులిహోర తిన్నాం. పాప ఇసుకలో గుంతలు తవ్వుతుంటే చేతి లోతుకే నీళ్లు ఊరాయి. అది చూసి మా ఆయన ఏదో అనబోయారు, నీళ్లు ఎంత వేగంగా ఊరుతున్నాయో అనే మాట. నాయన లేచి, తీర్థం తెస్తానని గుడివైపు నడిచాడు. ఆయన ఎటూ పోనక్కర్లేదు, తీర్థం అప్పటికే అందరం తీసుకున్నాం.

అట్లా ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఆ కాలంలో పులివెందుల చుట్టూ ఒక్కో బావీ అడుగంటుతూ వచ్చింది. మొదట మెట్ట మీదివి, తర్వాత వంకల పక్కనివి. వానలు తక్కువై అని కొందరు, కరెంటు మోటర్లు వచ్చి అని కొందరు అనుకునేవాళ్లు. పులివెందులలోనే కాపురమున్న మా తమ్ముడు రాసే ఉత్తరాల్లో ఏ బావి ఎండిందో ఉండేది. మా ఆయన అవి చదివి పక్కన పెట్టేవారు. మళ్లీ పరిశోధన వైపు పోలేదు. అడిగితే తీరిక లేదనేవారు.

తర్వాత ఒక వేసవిలో లెక్కల టీచర్లకు తిరుపతిలో శిక్షణ పెట్టారు. కొత్త గణితం, సమితులు, చివర్లో కంప్యూటర్ల గురించి కొన్ని పాఠాలు. అక్కడ యంత్రమేమీ లేదు, నల్లబల్ల మీదే. ఆ పాఠాలు చెప్పింది నాకంటే చిన్నదైన ఒక లెక్చరరు. మిగతా టీచర్లందరూ కునుకుతున్నారు. నాకు మాత్రం ఆ భాష మళ్లీ వినడం పుట్టింటి మాట విన్నట్టుంది. ఆమె బల్ల మీద వరుసగా గడులు గీసి, వాటిలో ఒక అంకెను వెతికే ప్రోగ్రాము రాసింది. రెండు మాటలు, రెండు పంక్తులు. నేను లేచి, ఆ రెంటినీ 'అండ్' పెట్టి ఒకే పంక్తిలో రాయొచ్చు కదా అని అడిగాను. తెలివిగా అడిగాననే అనుకున్నాను.

రాయకూడదని ఆమె చెప్పింది. మొదటి మాట అబద్ధమైతే రెండోది అడగాల్సిన పనిలేదని మనకు తెలుసు. కొన్ని యంత్రాలు కూడా అక్కడితో ఆగిపోతాయి. కొన్ని ఆగవు. రెండు మాటలూ అడిగి, రెండు జవాబులూ తీసుకుని, ఆ తర్వాతే కలిపి చూస్తాయి. భాష ఆ రెండు పద్ధతులకూ ఒప్పుకుంటుంది. అట్లాంటి యంత్రం, అంకె హద్దు దాటిన తర్వాత కూడా, లేని గడిలో ఏముందో చూడబోతుంది. మంచి యంత్రమైతే హద్దు దాటావని చెప్పి పని ఆపేస్తుంది. వెతికిన అంకె ఎక్కడో ఒకచోట దొరికితే ఈ ఇబ్బంది రాదు, ఎక్కడా దొరకనప్పుడే వస్తుంది. అందుకే చాలామందికి ఈ తప్పు ఏళ్ల తరబడి కనబడదు అంది.

నేను కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె చెప్పింది ఏదీ నా చెవికెక్కలేదు. యంత్రం ఆగింది కోలుకోని బావి దగ్గర. ఆ వరుసలో కోలుకోనిది అదొక్కటే. ఆగింది ఆ బావి తప్పు కొలత వల్ల కాదు, ఆ బావిలో నిజంగా నీళ్లు రాలేదు కాబట్టి.

ప్రొద్దుటూరు వచ్చేసరికి సాయంత్రమైంది. మా ఆయన వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. బస్సులో వస్తూ ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను గానీ, చెప్పేటప్పుడు ఆ ఆలోచనలేవీ పనికిరాలేదు. విన్నది విన్నట్టు చెప్పేశాను. ఆయన కలం మూత పెట్టారు.

"రెండూ అడుగుతాదా?" అన్నారు. "మొదటిది కాదని తెలిసినాంక గూడా?"

అవునన్నాను. దిద్దుతున్న పేపర్ల కట్ట వెనక్కి తిప్పి, ఖాళీ జాగాలో పాత పంక్తిని గుర్తు తెచ్చుకుని రాశారు. దాని కింద దాన్నే రెండుగా విడగొట్టి రాశారు. ముందు అంకె హద్దులో ఉందా లేదా ఒక పంక్తి. లేకపోతే బయటికి పొమ్మని. ఉంటేనే రెండో పంక్తికి రమ్మని. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక్క కార్డు ఎక్కువ పట్టేది అని మాత్రం అన్నారు. పాప వచ్చి ఏదో అడిగితే వినిపించుకోలేదు. వీధిలో దీపాలు వెలిగాక, నా వైపు చూడకుండానే, "అయితే మామ కొలిచింది నిజం," అన్నారు. "నీళ్లు రావని చెప్పిన బావి అదొక్కటే. దాన్నే నేను తీసేస్తిని."

మరుసటి ఆదివారం పులివెందుల పోయాం. నాయన చూపు అప్పటికి మందగించింది. కళ్లకు పొర వచ్చింది, ఆపరేషనుకు ఇంకా పండలేదన్నారు. తమ్ముడి ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అల్లుడి గొంతు విని లేవబోయాడు. మా ఆయన ఆయన్ను కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేలమీద కూర్చున్నారు. గీసి చూపించడానికి లేదు కాబట్టి మాటల్తోనే చెప్పారు. గడులు, వేలు, రెండు ప్రశ్నలు, మొదటి యంత్రం, రెండో యంత్రం. ఏమీ దాచలేదు, ఏమీ తగ్గించలేదు. నాయన బడిపిల్లవాడు పాఠం అప్పజెప్తుంటే విన్నట్టు తల ఒక పక్కకు వంచి విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"అయితే ఆ రెండో మిషనుది తప్పా?"

"తప్పు గాదు మామా. దానికి అట్ల అడిగే హక్కుండాది. నేనే దాన్ని అట్ల అడగనీయకుండా రాసింటే సరిపోయేది."

"ఆ పొద్దు నేను గూడా కోపం పెట్టుకోకుండా, రండి, బావి కాడికి పోదాం, మీరే తాడు దింపండి అనింటే బాగుండు," అన్నాడు. "ఇద్దరం చదువుకున్నోళ్లమే. ఇద్దరం ఊరకుంటిమి."

ఇప్పుడైనా ఆ బావి చూసొద్దామని మా ఆయన అడిగారు. చూడ్డానికి లేదని నాయన చెప్పాడు. ఆ రైతు మేం వచ్చిపోయిన మరుసటేడే లోతు తవ్వించాడట. బావులు కోలుకుంటాయని చదువుకున్నవాళ్లే తేల్చారని ఎవరో చెబితే ధైర్యం చేశాడట. నీళ్లు పడలేదు. చీనీ చెట్లు ఎండిపోయాయి, కొట్టేసి కట్టెలకు అమ్మారు. బావి పూడ్చి, పొలం అన్నదమ్ములకు వదిలేసి, మైదుకూరు దగ్గర కాలవకింద కౌలుకు చేసుకుంటున్నాడని విన్నాడట. అది నాయన మామూలుగానే చెప్పాడు. మా ఆయన లేచి బయటికి పోయారు. నేను పోయి చూస్తే వీధిగుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి ఉన్నారు. కళ్లు తుడుచుకుంటున్నారో, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారో నాకు తెలియలేదు. దగ్గరికి పోలేదు.

ప్రొద్దుటూరు వచ్చాక ఆయన గైడుకు అంతా వివరంగా రాశారు. జరిగింది జరిగిపోయిందని, డిగ్రీ ఇచ్చేశారని, ఇప్పుడు కదిలిస్తే ఇద్దరికీ మంచిది కాదని ఆయన జవాబు రాశారు. నీటి వ్యవహారాలు చూసే ఆఫీసుకు కూడా రాశారు. అక్కడి నుంచి జవాబే రాలేదు. రైతును వెతుక్కుంటూ ఒకసారి మైదుకూరు పోయి వచ్చారు. మనిషి కనబడ్డాడని, నారు వేస్తూ ఉన్నాడని, మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడని చెప్పారు. ఏం మాట్లాడారని అడిగితే, "నేను చెప్పినా. ఆయప్ప ఇన్న్యాడు," అన్నారు. అంతకంటే చెప్పలేదు. ఆ నెలలోనే ఇంటి ముందున్న బోర్డు దించి, పేరు ముందున్న 'డా.' చెరిపించారు. కాలేజీలో అడిగినవాళ్లకు రంగు పోయిందని చెప్పారు.

నాయన ఆ తర్వాత మూడు, నాలుగేళ్లు ఉన్నాడు. మా ఆయన సెలవు దొరికినప్పుడల్లా నేను రాకపోయినా పులివెందుల పోయేవారు. చూపు లేని మామకు లెక్కలు చదివి వినిపించేవారు, ఆయన నోటితో విప్పేవాడు. తమ్ముడి భార్య నాతో, వాళ్లిద్దరూ మళ్లీ కలిసిపోయారు వదినా అంది. నేను కూడా అట్లాగే అనుకోవాలని చూశాను. కానీ పోయి కూర్చుంటే తెలిసేది. మునుపు ఒకరి మాట ఒకరు తెంపి, నీది తప్పంటే నీది తప్పని గట్టిగా వాదించుకునేవాళ్లు. ఇప్పుడు నాయన చెప్పింది తప్పైనా మా ఆయన సరేననేవారు. నాయనకు అది తెలిసిపోయేది. తెలిసి, ఊరుకునేవాడు. చివరిదాకా అల్లుడిని 'మీరు' అనే పిలిచాడు.